హన్మకొండలో నార్త్ డకోటా చరిత్ర క్లాసు: చేరాలనుకునే వాళ్ల కోసం

హన్మకొండ కిషన్‌పురలో ఒక రీడింగ్ రూం వాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు అమెరికా చరిత్ర చెబుతున్నారు. ఒక్కో విడతలో ఒక్క రాష్ట్రం. నెల రోజులు, వారానికి ఒక క్లాసు, మొత్తం ఫీజు 600 రూపాయలు. మన దగ్గర ఏ వీధికి పోయినా ఒకరిద్దరు పిల్లలు అక్కడ చదువుతున్న ఇళ్లే కాబట్టి టెక్సాస్ విడతకు కుర్చీలు చాలలేదట. నేను చేరింది నార్త్ డకోటా విడతలో. మా తమ్ముడు ఫార్గోలో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఫోన్ చేస్తే చలి ఎంతుందో చెబుతాడు, తిన్నానంటాడు, పెట్టేస్తాడు. వాడున్న చోటు ఎలాంటిదో, అక్కడి మనుషులు ఎలా బతికారో తెలుసుకుందామని వెళ్లాను.

నా పని గురించి కూడా చెప్పాలి. పరకాల దగ్గర మా ఊళ్లో మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు కేంద్రంలో లెక్కలు రాస్తాను. తేమ మిషన్‌లో గింజలు పోసి చూసేది నేనే. 17 శాతం లోపు వస్తేనే కాంటా పెడతాం. తూకం వేసి, సంచులు కుట్టించి, లారీ ఎక్కించి, ట్రక్ షీట్ రాసి పంపుతాం. మిల్లు దగ్గర దించుకునేటప్పుడు తాలుందని, మట్టి ఉందని తరుగు తీస్తారు. రైతు వచ్చి అడిగేది మిల్లును కాదు, నన్ను. "అక్కా, నీ కాడ మంచిగనే వచ్చింది గదా, ఆడికి పోంగనే ఎట్ల తగ్గింది?" అంటారు. ఆ మాటకు నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండదు. అందుకే ఈ క్లాసులో కొన్ని విషయాలు నాకు మిగతావాళ్ల కంటే గట్టిగా పట్టుకున్నాయి. ఈ రివ్యూ చదివేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ముందు వసతుల సంగతి. గది మేడ మీద ఉంది. మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. ఫ్యాన్లు బాగానే తిరుగుతాయి. పడమటి కిటికీ ఎండ నేరుగా తెర మీద పడుతుంది, ప్రొజెక్టర్ బొమ్మలు సగం కనపడవు. కర్టెన్ కట్టమని చాలామందిమి అడిగాం, క్లాసులు అయిపోయేదాకా కట్టలేదు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ఆటోలో రావడమే నయం. అల్లం టీ ఇస్తారు, బాగుంటుంది.

చేతికిచ్చే నోట్స్ మాత్రం మొత్తం ఫీజుకు అదొక్కటే చాలనిపించేలా ఉంది. తెలుగులో, స్పైరల్ బైండింగ్ చేసి, మ్యాపులతో ఇచ్చారు. అందులో ఒక మ్యాపు నేను మళ్లీ మళ్లీ చూసుకున్నాను. నార్త్ డకోటా గోధుమ మోసిన రైలు మార్గాలు ఎక్కువగా తూర్పుకే పోయేవి, పక్క రాష్ట్రం మిన్నెసోటాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్, డులుత్ వైపు. గోధుమ పండేది ఒక రాష్ట్రంలో. దానికి గ్రేడు వేసేది, ధర కట్టేది, పిండి ఆడించేది, అప్పు ఇచ్చేది ఇంకో రాష్ట్రంలో. ఆ మ్యాపు ఒక్కటి చూస్తే తర్వాతి కథంతా ఎందుకు జరిగిందో తెలిసిపోతుంది.

మొదటి క్లాసు పరిచయం. విస్తీర్ణం 1.83 లక్షల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణ కంటే బాగా పెద్దది. జనం మాత్రం 2020 లెక్కల్లో 7.79 లక్షలు, ఇంచుమించు మన త్రినగరి అంత. 1889 నవంబర్ 2న రెండు డకోటాలూ ఒకే రోజు రాష్ట్రాలయ్యాయి. ఏది ముందో ఎవరికీ తెలియకూడదని అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ కాగితాలు కలిపేసి సంతకం పెట్టారు. నార్వే నుంచి, రష్యాలో స్థిరపడిన జర్మన్ల నుంచి వేల కుటుంబాలు వచ్చి దిగాయి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు. రాజకీయం రైల్వే కంపెనీల మనిషి అలెగ్జాండర్ మెకెంజీ చేతిలో ఉండేది. ఈ భాగం సారు చకచకా చెప్పారు, అంతే చాలు కూడా.

రెండో క్లాసు గురించి ఎంత చెప్పినా తక్కువే. లోపలికి వెళ్లేసరికి బల్ల మీద మూడు పళ్లాల్లో వడ్లు పోసి ఉన్నాయి. ఒక్కొక్కరూ చూసి చీటీ మీద గ్రేడు రాయమన్నారు. నేను అరచేతిలో పోసుకుని ఊదాను, గోటితో పొట్టు తీసి గింజ నలిపి చూశాను, రెండో పళ్లెం మెరుగని రాశాను. నర్సంపేట నుంచి వచ్చిన ఒక రైతు మొదటిది మంచిదన్నారు. ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు మూడోది అన్నారు. చీటీలన్నీ చదివాక సారు చెప్పారు, మూడు పళ్లాలూ ఒకే బస్తాలోవని. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అక్కడి నుంచి కథ అందుకున్నారు.

నార్త్ డకోటా రైతు గోధుమ తెచ్చి ఎలివేటర్‌లో, అంటే ధాన్యం గోదాములో పోస్తే, ముడుచుకున్న గింజ అని, కలుపు గింజలున్నాయని గ్రేడు తగ్గించేవాళ్లు. కానీ ఆ పెద్ద గోదాముల్లోకి వచ్చిన నంబర్ వన్ గోధుమ కంటే బయటికి పోయిన నంబర్ వన్ గోధుమే ఎక్కువని లెక్కల్లో తేలింది. రైతు దగ్గర తక్కువ గ్రేడు, అమ్మేటప్పుడు ఎక్కువ గ్రేడు. ఫార్గో వ్యవసాయ కళాశాలలో ఎడ్విన్ ల్యాడ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకో పని చేశారు. దాణాకు తప్ప పనికిరాదని గ్రేడు వేసిన గోధుమను పిండి ఆడించి చూపించారు. మంచి గోధుమతో పోలిస్తే పిండిలో పెద్ద తేడా లేదు, ధరలోనే తేడా. ఇది విన్నప్పుడు నాకు నా తేమ మిషన్, ట్రక్ షీట్లు, మా రైతుల మొహాలు అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. కొలిచే యంత్రం కాదు అసలు సంగతి. ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంది, ఆ చేతిని అడిగే హక్కు ఎవరికుంది అన్నదే సంగతి.

రాష్ట్రమే సొంత గోదాము కట్టాలని ఓటర్లు 1912లో ఒకసారి, 1914లో ఇంకోసారి తీర్పు ఇచ్చారు. 1915లో శాసనసభ కుదరదంది. అప్పుడు ఆర్థర్ టౌన్లీ లేచాడు. బీచ్ అనే ఊరి దగ్గర అవిసె వేసి దివాళా తీసిన రైతు. ఫోర్డు కార్లలో మనుషులను పొలాలకు పంపి నాన్‌పార్టిజన్ లీగ్ అనే రైతుల సంఘంలో సభ్యులను చేర్పించాడు. చేతిలో డబ్బు లేని వాళ్లు పంట వచ్చాక చెల్లేలా రాబోయే తేదీ వేసి చెక్కులు రాసిచ్చేవాళ్లు. కొత్త పార్టీ పెట్టలేదు. ఎవరైనా పోటీ చేయగల రిపబ్లికన్ ప్రైమరీలోకే, అంటే ఆ పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలోకే దూరి తమ రైతులను నిలబెట్టారు. 1916 చివరికి సభ్యులు దాదాపు 40,000. ఆ ఏడాదే హూపుల్ దగ్గర వ్యవసాయం చేసుకునే లిన్ ఫ్రేజియర్ గవర్నరయ్యారు. 1918లో రెండు సభలూ చేతికొచ్చాయి. 1919లో రాష్ట్ర బ్యాంకుకు, రాష్ట్ర పిండి మిల్లుకు, వడగళ్ల బీమాకు చట్టాలు వచ్చాయి. వడగళ్ల బీమా అనగానే మా వరుసలో కూర్చున్న రైతులంతా ఒక్కసారిగా నోట్స్ తెరిచారు.

సారు లీగ్ మీద ఇష్టంతో చెబుతారు, ఆ ఇష్టం అక్కడక్కడా ఎక్కువైంది. టౌన్లీ సంస్థను పై నుంచి తన గుప్పిట్లో పెట్టుకుని నడిపిన తీరు మీద ఇంకాస్త సమయం పెట్టాల్సింది. అయితే దెబ్బ ఎలా తగిలిందో మాత్రం దాచకుండా చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లీగ్ వాళ్లకు దేశభక్తి లేదని ప్రచారం జరిగింది. యుద్ధం అయ్యాక గోధుమ ధర పడిపోయింది. పెద్ద నగరాల ఫైనాన్స్ సంస్థలు కొత్త బ్యాంకు బాండ్లు కొనలేదు. 1921 అక్టోబర్‌లో ఓటర్లు ఫ్రేజియర్‌ను పదవి నుంచి దించేశారు. అమెరికాలో అలా రీకాల్ అయిన మొదటి గవర్నర్ ఆయనే. ఆయనతో పాటు అటార్నీ జనరల్ లెమ్కె, వ్యవసాయ కమిషనర్ హేగన్ కూడా పోయారు. కానీ అదే ఎన్నికలో బ్యాంకును ఎత్తేయాలన్న ప్రతిపాదనను అదే ఓటర్లు ఓడించారు. మనుషులను దించారు, బ్యాంకును ఉంచుకున్నారు. మరుసటి ఏడాదే ఫ్రేజియర్‌ను సెనేట్‌కు పంపారు. ఈ ఓటర్ల తెలివికి నేను మనసారా దండం పెడతాను.

ప్రశ్నలకు సారు ఇచ్చే సమయం ఈ క్లాసులో పెద్ద ప్లస్. ఆజంజాహి మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు లేచి, "సార్, మా మిల్లు గూడ సర్కారుదే ఉండె. అది నిలవలే. గా మిల్లు ఎట్ల నిలిచింది?" అని అడిగారు. సారు హడావుడి పడకుండా జవాబిచ్చారు. గ్రాండ్ ఫోర్క్స్‌లో 1922లో మొదలైన ఆ మిల్లు కూడా తొలి ఏళ్లలో నష్టాల్లోనే నడిచింది. కానీ దాని మీద అజమాయిషీ గవర్నర్, అటార్నీ జనరల్, వ్యవసాయ కమిషనర్ ముగ్గురిది. ముగ్గురూ జనం నేరుగా ఎన్నుకునే వాళ్లే. మూసేస్తే తర్వాతి ఎన్నికలో జవాబు చెప్పుకోవాలి. ఇప్పుడు మిల్లు లాభంలో కొంత రాష్ట్ర ఖజానాకు పోతుంది. బ్యాంకు కూడా అంతే, రాష్ట్రం సొమ్ము అందులోనే ఉంటుంది, ఊళ్లలోని చిన్న బ్యాంకులతో కలిసి రైతులకు, వ్యాపారులకు అప్పులిస్తుంది. అమెరికా రాష్ట్రాల్లో ఇలాంటి సొంత బ్యాంకు ఇదొక్కటే. పెద్దాయన మళ్లీ కూర్చోలేదు, నిలబడే అంతా విన్నారు.

మూడో క్లాసులో విలియం లాంగర్. 1933లో గవర్నరై రైతుల పొలాల వేలాన్ని ఆపించారు, గోధుమ రాష్ట్రం దాటకుండా ఆంక్ష పెట్టారు. 1934లో ఒక కేసులో శిక్ష పడి పదవి పోయింది. ఆయనతో కలిపి ఏడెనిమిది నెలల్లోనే రాష్ట్రం నలుగురు గవర్నర్లను చూసింది. లాంగర్ తర్వాతి విచారణల్లో నిర్దోషిగా తేలి, మళ్లీ గవర్నరై, తర్వాత సెనేటర్ అయ్యారు. కార్పొరేట్ కంపెనీలు వ్యవసాయం చేయకూడదని 1932లో జనమే ఓటేసి చట్టం తెచ్చుకున్నారు. దాన్ని సడలించాలని 2016లో ఓటింగ్ పెడితే నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు. 1964 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిసారీ రిపబ్లికన్‌నే గెలిపించే రాష్ట్రం ఇది. పార్టీ ముద్ర చూసి జనం మనసు అంచనా వేయలేమని ఈ క్లాసు బాగా నేర్పింది.

ఇక నా అసలు అసంతృప్తి నాలుగో క్లాసు మీద. బాకెన్ ప్రాంతపు చమురు, పైప్‌లైన్ గొడవలు, మందుల షాపుల యాజమాన్యం మీది ఫార్మసీ చట్టం, అన్నీ ఒకే పూటలో కుక్కారు. ఆ హడావుడిలో అక్కడి ఆదివాసీ తెగలైన మాండన్, హిదాత్సా, అరికరా జనం కథ చివరి పావుగంటలో ముగిసిపోయింది. 160 ఎకరాల చొప్పున పంచిన నేల ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి రోజే చెప్పాల్సింది. మిస్సోరి నది ఒడ్డున మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుంటూ వాళ్లు ఎన్నో తరాలు బతికారు. 1837లో మశూచి వచ్చి మాండన్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. మూడు తెగల్లో మిగిలినవాళ్లకు ఫోర్ట్ బర్తోల్డ్ రిజర్వేషన్, అంటే తెగల కోసం కేటాయించిన నేల, దక్కింది. దాని మీదికి గారిసన్ డ్యాం వచ్చింది. లక్షా యాభై వేల ఎకరాలకు పైగా పోయింది, అదీ నది పక్కన పండే భూమి. తెగల జనంలో దాదాపు 80 శాతం ఊళ్లు వదిలారు. ఆసుపత్రి, బడి ఉన్న ఎల్బోవుడ్స్ పట్నం నీళ్ల కింద ఉంది.

1948లో వాషింగ్టన్‌లో డ్యాం కోసం ఆ భూమి అప్పగించే ఒప్పందం మీద సంతకం జరిగినప్పటి ఫోటో తెర మీద చూపించారు. బల్ల దగ్గర మంత్రి జూలియస్ క్రూగ్ సంతకం పెడుతున్నారు. చుట్టూ సూట్లు వేసుకున్న అధికారులు. పక్కన నిలబడిన తెగ నాయకుడు జార్జ్ జిలెట్ చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్నారు. ఎండ పడి ఫోటో సగం వెలిసిపోయినట్టు కనిపించింది, నేను లేచి వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. మా అమ్మమ్మ ఊరు మిడ్ మానేరులో మునిగింది. పునరావాస కాలనీలో ఇప్పటికీ మా మేనమామ పాత ఊరి సర్వే నంబర్లు చెబుతూ కూర్చుంటాడు. ఆ ఫోటోకు రెండు నిమిషాలు చాలవు. పరిహారంగా 14.92 కోట్ల డాలర్లు ఇవ్వడానికి అమెరికా కాంగ్రెస్ 1992లో ఒప్పుకుంది, అంటే సంతకం తర్వాత 44 ఏళ్లకు. రైతుకు న్యాయమైన గ్రేడు రావాలని అంత శ్రద్ధగా చెప్పిన క్లాసు, ఆ రైతు కాళ్ల కింది నేల గురించీ అంతే శ్రద్ధగా చెప్పాలి. క్లాసు అయ్యాక ఈ మాట సారుతోనే అన్నాను. "నిజమేనమ్మా, ఫోర్ట్ బర్తోల్డ్‌కు ఒక పూర్తి ఆదివారం పెడదాం" అన్నారు.

పిల్లలు అక్కడికి వెళ్తున్న తల్లిదండ్రులు, సంఘాల్లో, సొసైటీల్లో పనిచేసేవాళ్లు, రైతులు తప్పకుండా చేరండి. డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఫీజు సగమే. ఇంగ్లిష్ రాకపోయినా ఇబ్బంది లేదు. పెద్దవాళ్లను తీసుకొస్తే ముందు వరుసలో కూర్చోబెట్టండి, మైకు వెనకదాకా వినపడదు. నార్త్ డకోటా విడతను మళ్లీ పెడతామంటున్నారు, ఏప్రిల్‌లోపే ముగించమని అడిగాను. యాసంగి కోతలు మొదలైతే నాలాంటి వాళ్లు కాంటా వదిలి రాలేరు.