హనుమకొండలో పాత గేమ్ క్యాసెట్లు కొనేవారికి హెచ్చరిక

హనుమకొండలో పాత వీడియో గేములు అమ్మే అతని గురించే చెబుతున్నాను. పేరు రాయను. ఈ క్యాసెట్ల మీద మక్కువ ఉన్నవాళ్ళలో అతని కొట్టు మెట్లు ఎక్కనివాళ్ళు తక్కువ. శనివారం అతని దగ్గర, నింటెండో సంస్థ చేసిన చేతి ఆట పరికరం గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ మీద ఆడే మ్యాక్స్ పేన్ క్యాసెట్‌ను 4,500 రూపాయలకు కొన్నాను. అది నకిలీది. డబ్బు తిరిగి రాలేదు, రాదు కూడా.

ఆ క్యాసెట్ కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నాను. 2001లో కంప్యూటర్ మీద వచ్చిన మ్యాక్స్ పేన్‌ను మనలో చాలామంది ఆడాం. భార్యాబిడ్డలను పోగొట్టుకున్న పోలీసు, మంచు కురిసే న్యూయార్క్ రాత్రి, కాలం నెమ్మదించి తూటా కంటికి కనిపించే పోరు. అంత పెద్ద ఆటను 2003లో మోబియస్ సంస్థ అరచేతిలో పట్టే పరికరానికి తెచ్చింది. తెర మీద అడ్డంగా 240 చుక్కలు, నిలువుగా 160, అంతే. కథానాయకుడి వీపు వెనక నుంచి చూపించే త్రీడీ లోకాన్ని మోసే శక్తి ఆ పరికరానికి లేదు. అందుకని చూపును పైనుంచి ఏటవాలుగా మార్చారు. కొన్ని అంకాలను తీసేశారు. మనుషులను మాత్రం త్రీడీలోనే ఉంచారు. కథ చెప్పే కామిక్ బొమ్మలను, వాటి వెనక వినిపించే అసలు గొంతును కొంతవరకైనా వదులుకోలేదు. నేను మడికొండలో ఫోను గేములు తయారుచేసే చిన్న బృందంలో పనిచేస్తాను. ఏ బొమ్మ ఎక్కువ చోటు తింటుంది, దేన్ని తీసేయాలి అని మేము రోజూ తలపట్టుకుంటాం. వాళ్ళు ఏది తీసేశారో, ఏది పట్టుకొని నిలబడ్డారో నా చేతులతో ఆడి తెలుసుకోవాలనుకున్నాను.

శనివారం అతను కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. "తమ్ముడూ, అసలైన క్యాసెట్. నా పూచీ" అన్నాడు. ప్లాస్టిక్ కవరు మీద ధర తన చేత్తోనే రాసి ఇచ్చాడు. ఫోనులో డబ్బు పంపబోతే, ఖాతాలో ఏదో ఇబ్బంది ఉంది, నగదు ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఇంటికి వచ్చి ఆడితే, కాలం నెమ్మదించే మీట నొక్కిన ప్రతిసారీ తెర బిగుసుకుపోయింది. మర విప్పి చూస్తే లోపల చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు ముద్ద.

నిన్న సాయంత్రం తిరిగి వెళ్ళాను. కొట్టులో ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు. క్యాసెట్ బల్ల మీద పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు. "ఎవరయ్యా నువ్వు? నా దగ్గర కొన్నావనడానికి రుజువేమిటి?" అన్నాడు. మూడు రోజుల క్రితం తమ్ముడూ అని పిలిచిన మనిషి! అతని చేతిరాత ఉన్న కవరు చూపించాను. చూసి ఇస్తానని తీసుకొని, నా కళ్ళలోకి చూస్తూనే నలిపి చెత్తడబ్బాలో వేశాడు. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. నోట మాట రాలేదు. ఆ డబ్బాలోంచి కవరు తీసుకోవాలని కూడా తోచలేదు. ఆ కుర్రాళ్ళకు అక్కడే చెప్పాల్సింది, చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కొట్టులోనే చూడాల్సినవి నేను చూడలేదు, తప్పు నాదే. అసలు క్యాసెట్ లేబుల్ మీద అంకెలు చిన్నగా నొక్కుపడి ఉంటాయి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. కింద పరికరానికి తగిలే బంగారు రంగు పళ్ళ పైన, బోర్డు మీద నింటెండో అన్న పేరు అచ్చయి ఉంటుంది. వెనక మర మూడు రెక్కలది. నాది మామూలు ప్లస్ మర. పరికరం వెంట తీసుకెళ్ళి అక్కడే పావుగంట ఆడి చూడండి. నగదు మాత్రం ఇవ్వకండి.