"స్టూడియో గ్రేడ్" డిజిటల్ కేబుళ్లతో జాగ్రత్త

ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లు వెండి పూత, బంగారు పిన్నులు అంటూ అమ్మే యూఎస్‌బీ, ఎస్‌పీడీఐఎఫ్ (పరికరాల మధ్య డిజిటల్ శబ్దాన్ని పంపే కనెక్షన్) కేబుళ్ల మీద డబ్బు పోసే ముందు ఇది చదవండి. గొంతు విచ్చుకుంటుంది, బేస్ బిగుస్తుంది అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. ఈ కేబుల్లో పోయేవి అంకెలు. సరిగ్గా చేరితే ఉన్నవి ఉన్నట్టే చేరతాయి. చేరకపోతే టిక్కు టిక్కుమనే చప్పుళ్లు వస్తాయి, మధ్యలో శబ్దం తెగిపోతుంది, లేదా అసలేమీ వినబడదు. ట్రెబుల్ ఒక్కటే కాస్త తగ్గడమంటూ ఉండదు.

"జిట్టర్ తగ్గుతుంది" అనే మాటతోనే ఎక్కువగా బుట్టలో వేస్తారు. జిట్టర్ అంటే ఆ అంకెల సమయంలో వచ్చే అతి చిన్న తడబాటు. ఇప్పటి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లు (మైకును, స్పీకర్లను కంప్యూటర్‌కు కలిపే పెట్టెలు) చాలావరకు అసింక్రనస్ పద్ధతివి, అంటే సొంత క్లాక్‌తో నడుస్తాయి. అంకెలకు సమయం చెప్పే ఆ క్లాక్ ఇంటర్‌ఫేస్ లోపలే ఉంటుంది కాబట్టి కేబుల్ మారిస్తే అది మారదు. ఎస్‌పీడీఐఎఫ్‌లో మాత్రం అందుకునే పరికరం వచ్చే సిగ్నల్ నుంచే క్లాక్ తీసుకుంటుంది. అక్కడ కావలసింది 75 ఓమ్‌ల కేబుల్, అంతే. పాత టీవీలకు పెట్టే పసుపు రంగు వీడియో కేబుల్ కూడా 75 ఓమ్‌లదే, భేషుగ్గా పనిచేస్తుంది.

చప్పుళ్లు వస్తుంటే కేబుల్ కొనకండి, ముందు సెట్టింగులు చూడండి. ఎస్‌పీడీఐఎఫ్‌తో కలిపిన రెండు పరికరాలూ ఇంటర్నల్ క్లాక్‌లో ఉంటే సాధారణంగా టిక్కులు వస్తాయి. అందుకునేదాన్ని ఎస్‌పీడీఐఎఫ్ సింక్‌కు మార్చి, శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు) రెండింటిలోనూ ఒకటే పెట్టండి. బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు దాచుకునే చోటు) మరీ చిన్నదైనా ఇవే చప్పుళ్లు వస్తాయి.

స్పీకర్లలో గుయ్‌మనే రొద ఉంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే అది చాలావరకు గ్రౌండ్ లూప్, అంటే పరికరాల గ్రౌండ్ తీగలు ఒకదానికొకటి చుట్టుగా కలవడం వల్ల వచ్చే రొద. ఖరీదైన యూఎస్‌బీ కేబుల్లోనూ గ్రౌండ్ తీగ ఉంటుంది కాబట్టి దానివల్ల ఒరిగేదేమీ లేదు. స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు (రొదను రద్దు చేసే, మూడు కనెక్షన్ల ప్లగ్ ఉన్నవి) వాడండి.

నాసిరకంతో చిక్కులు లేవని కాదు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్లో డేటా తీగలుండవు, కంప్యూటర్ ఇంటర్‌ఫేస్‌ను గుర్తించనే గుర్తించదు. కరెంటు తీగలు మరీ సన్నగా ఉంటే, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుకు ఇచ్చే కరెంటు) వేయగానే యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే ఇంటర్‌ఫేస్ డిస్కనెక్ట్ కావచ్చు. యూఎస్‌బీ 2.0కు 5 మీటర్లు దాటొద్దు. ఆప్టికల్ కేబుల్ అయితే కొసల మీది ప్లాస్టిక్ మూతలు తీశారో లేదో చూసుకోండి, మలుపుల్లో మడత పడనివ్వకండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు వాపసు గడువు దాటకముందే ఈ పరీక్ష చేయండి. ఇంటర్‌ఫేస్ ఎస్‌పీడీఐఎఫ్ అవుట్‌ను దాని ఇన్‌కే కలిపి, క్లాక్ ఇంటర్నల్‌లో ఉంచి, ఒక 24 బిట్ ఫైల్ ప్లే చేస్తూ వేరే ట్రాక్‌లో రికార్డు చేయండి. ఫేడర్లన్నీ 0 డీబీ దగ్గరే ఉండాలి, ప్లగిన్లు, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నని రొద) ఆపేయాలి. రెండు ట్రాకులనూ శాంపిల్ తేడా లేకుండా జరిపి, ఒకదాని పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) కలిపి వినండి. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మీటర్ కదలకపోతే ఒక్క బిట్ కూడా పోలేదన్నమాట. మామూలు కేబుల్‌తోనూ మీటర్ కదలకపోతే కొత్తదాన్ని వాపసు ఇచ్చేయండి.