ఎండలు ముదిరింది సూర్యుడి వల్లా, పొగ వల్లా, స్లాబుల వల్లా?

ఏప్రిల్ సగానికి వచ్చిందంటే బెజవాడలో ఈ వాదన మొదలవుతుంది. "కార్బనూ లేదు గీర్బనూ లేదు, సూర్యుడే మండిపోతున్నాడు" అని ఒకరంటారు. "ఉన్న చెట్లు కొట్టేసి సందుసందునా అపార్ట్‌మెంట్లు కడితే కాలక ఏమవుతుంది" అని ఇంకొకరు. బొగ్గు, పెట్రోలు పొగ అనేవాళ్లు మూడో రకం, వాళ్లు నోరు తెరిస్తే సైన్సు పాఠం అప్పజెబుతున్నట్టు ఉంటుంది కాబట్టి ఎవరూ పెద్దగా వినరు. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎంత తూగుతుందో చూద్దాం. ముందే చెప్పేస్తున్నా, ఈ ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు, సగం గొడవ అక్కడే ఉంది.

సూర్యుడి పక్షాన్ని వెటకారం చేసి కొట్టిపారేయడం నాకు నచ్చదు, వాళ్ల దగ్గరా సరుకుంది. భూమికి అందే వేడి దాదాపు మొత్తం అక్కణ్ణుంచే, వాతావరణం పై అంచున చదరపు మీటరుకి సుమారు 1361 వాట్లు. 1645 నుంచి 1715 దాకా సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనిపించకుండా పోయాయి, దాన్ని మౌండర్ మినిమమ్ అంటారు, ఆ రోజుల్లోనే యూరప్ చలికి వణికింది. మంచుయుగాలు వచ్చిపోవడం వెనకా ఎండే ఉంది, కాకపోతే అక్కడ మారింది సూర్యుడు కాదు, వేల ఏళ్ల మీద భూమి కక్ష్యా వాలూ మారుతూ ఏ ప్రాంతంలో ఎప్పుడు ఎంత ఎండ పడాలో మార్చాయి. 1991లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఇద్దరు సూర్యచక్రం (మచ్చలు పెరిగి తగ్గే కాలం) నిడివినీ భూమి ఉష్ణోగ్రతనీ ఒకే గ్రాఫులో గీస్తే రెండు గీతలూ అతుక్కున్నట్టు కనిపించాయి. తర్వాత చూస్తే, గ్రాఫు చివర ఉన్న పాయింట్లను మిగతావాటితో సమానంగా సవరించలేదని తేలింది, సరిచేశాక చివర్లో ఆ పోలిక నిలవలేదు. మౌండర్ సంగతీ అంత తిన్నగా లేదు, ఆ చలి అంతకుముందే మొదలైంది, అగ్నిపర్వతాలు చిమ్మిన గంధకపు పొగకీ అందులో వాటా ఉంది.

ఇక లెక్క. సూర్యుడికి సుమారు 11 ఏళ్ల చక్రం ఉంది, మచ్చలు ఎక్కువైతే ఎండ కాస్త పెరుగుతుంది, ఎక్కువైన రోజులకీ తక్కువైన రోజులకీ మధ్య ఆ 1361లో తేడా ఒక వాటుకి అటూ ఇటూ, అంటే వెయ్యింట ఒక వంతు. భూమి గుండ్రం కాబట్టి దాన్ని నాలుగో వంతు చేయాలి, వచ్చినదాంట్లో 30 శాతం మేఘాలూ మంచూ వెనక్కి కొట్టేస్తాయి, చివరికి మిగిలేది చదరపు మీటరుకి 0.2 వాటు లోపు. పైగా అది పెరిగి మళ్లీ తగ్గేది. అదే బొగ్గు, పెట్రోలు పొగలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి చూస్తే, పరిశ్రమలు రాకముందు పది లక్షల్లో 280 పాళ్లు ఉన్నది ఇప్పుడు 420 దాటింది, దీని ఒక్కదాని వల్ల అదనంగా నిలిచే వేడే 1750తో పోలిస్తే చదరపు మీటరుకి 2 వాట్లకు పైన, అదీ తగ్గడం తెలియని 2 వాట్లు. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన ఐపీసీసీ అనే సంఘం 2021 నివేదిక 1850-1900 నుంచి 2011-2020 దాకా ప్రపంచం 1.1 డిగ్రీలు వేడెక్కిందని చెబుతూ, అందులో సూర్యుడూ అగ్నిపర్వతాలూ కలిసి చేసిన మార్పు సున్నాకి అటో ఇటో 0.1 డిగ్రీ లోపేనంది.

మా కింద పోర్షన్‌లో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకరు దీనికి ఒప్పుకోరు. "ఏమోనండీ, 2024లో రికార్డు ఎండలు కాశాయి, అప్పుడు సూర్యుడూ పీక్‌లోనే ఉన్నాడు కదా, దానికేమంటారు?" అన్నారు. మంచి ప్రశ్నే, 25వ చక్రం గరిష్ఠానికి చేరిందని నాసా వాళ్లు ఆ ఏడాది అక్టోబరులోనే ప్రకటించారు. "మరి 2020 సంగతేంటి మాస్టారూ?" అన్నాను. 2019 డిసెంబరులో సూర్యుడు పూర్తిగా అడుగున ఉన్నాడు, అయినా 2020 నాసా లెక్కలో 2016తో సమానంగా అప్పటికి అత్యంత వేడి సంవత్సరం. ఉపగ్రహాలు సూర్యుణ్ణి 1978 నుంచి ఆగకుండా కొలుస్తున్నాయి, 24వ చక్రమైతే దాదాపు వందేళ్లలో అతి బలహీనమైనది, ఎండ ఇంత డీలాపడ్డ కాలంలోనే ఉష్ణోగ్రత రికార్డులు ఒకదాని మీద ఒకటి విరిగాయి. మాస్టారు కాసేపు ఆలోచించి "ఎల్ నినో కూడా ఉంది లెండి" అని పక్కకి జరిగారు. అది నిజమే, 2024కి ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం కొన్ని నెలలపాటు మామూలు కన్నా వేడెక్కడం, తోడైంది.

కానీ నన్నడిగితే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఎండలో లేదు, ఆకాశంలో పైన ఉంది. గిన్నెలో పాలు తొందరగా పొంగాలంటే మంటైనా పెంచాలి, మూతైనా పెట్టాలి. మంట పెంచితే గిన్నె పైనున్న గాలి కూడా వేడెక్కుతుంది, మూత పెడితే లోపల వేడెక్కి మూత పైన చల్లబడుతుంది. సూర్యుడే కారణమైతే కిందా పైనా రెండూ వేడెక్కాలి. జరిగింది అది కాదు, మనం ఉండే కింది పొర వేడెక్కుతుంటే దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. మూత పోలిక పూర్తిగా సరిపోదనుకోండి, అక్కడ కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ ఆ పొర తన వేడిని అంతరిక్షంలోకి ఇంకా జోరుగా వదిలేస్తుంది. పొర కింది భాగంలో ఓజోన్ తగ్గడం కూడా చల్లదనానికి తోడ్పడింది, పైభాగానికి వెళ్లేకొద్దీ కార్బన్ ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. ఇలా జరుగుతుందని వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెథరాల్డ్ 1967లోనే లెక్కగట్టి చెప్పారు, ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టకముందే. 2021 భౌతికశాస్త్ర నోబెల్‌లో మనాబేకి వాటా ఊరికే రాలేదు.

సూర్యుడి పక్షం దీనికి రెండు దారులు వెతికింది. ఒకటి, సముద్రాలు వేడెక్కి వాటిలోంచే కార్బన్ బయటికొస్తోందని. అలాగైతే సముద్రంలో కార్బన్ తగ్గాలి, పెరుగుతోంది, నీటి ఆమ్లత్వం కూడా పెరుగుతోంది. పైగా గాలిలోని కార్బన్‌లో కార్బన్-14 (కాలంతో కరిగిపోయే రేడియోధార్మిక రకం) వాటా తగ్గింది, కోట్ల ఏళ్ల నాటి బొగ్గు, చమురులో అది ఉండదు మరి. రెండోది, సూర్యుడి జోరును బట్టి హెచ్చుతగ్గులయ్యే విశ్వకిరణాల (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల) వల్ల మేఘాలు మారతాయన్న డెన్మార్క్ శాస్త్రవేత్త స్వెన్స్‌మార్క్ ఊహ. ఇది పనికిమాలిన ఊహేమీ కాదు, యూరప్ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్‌లో క్లౌడ్ అనే ప్రయోగం పెట్టి మరీ పరీక్షించారు, ప్రభావం ఉన్నా ఈ వేడిని మోసేంత లేదని తేలింది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు మాత్రం మొత్తం వెలుగు కన్నా ఎక్కువగా హెచ్చుతగ్గులవుతాయి, యూరప్ చలికాలాల మీద వాటి ప్రభావం ఉందంటే నేను నమ్ముతాను. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య ఎల్-1లో ఆ కిరణాలను చూసే టెలిస్కోపు ఉంది, చేయాల్సిన పనే అది.

స్లాబు పక్షం దగ్గరికి వస్తే నాకే కొంచెం మొహమాటం, ఎందుకంటే మే నెల బెజవాడలో మనం అనుభవించేదాంట్లో వాళ్ల వాటా కళ్లకి కనిపిస్తుంది. రాత్రి పదింటికి డాబా గోడ మీద చెయ్యి పెట్టండి, చురుక్కుమంటుంది. ట్యాంకులో నీళ్లు రాత్రి స్నానానికి కూడా పనికిరావు. రాతి కొండలు, తారు రోడ్లు, వరసగా ఏసీల వేడి గాలి, పైగా వాయవ్యం నుంచి పొడిగాలి బలంగా కొట్టినరోజు మచిలీపట్నం వైపు సముద్రపు గాలి మన దాకా రాదు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అని పెద్దవాళ్లు అన్నది కాంక్రీటు రాకముందే, కాబట్టి ఈ నేల ముందు నుంచీ వేడిదే, స్లాబులు రాత్రి చల్లబడకుండా అడ్డుపడ్డాయి. సూర్యుడే కారణమైతే పగళ్లే ఎక్కువ వేడెక్కాలి, రాత్రులు వేడెక్కుతున్నాయి కాబట్టి సూర్యుడు కారణం కాదు అని బెజవాడను చూపించి వాదించకండి, ఇక్కడి రాత్రిలో స్లాబు కలిసిపోయి ఉంది. ప్రపంచమంతటా పల్లెల్లో, సముద్రాల మీద కొలిచిన అంకెలు చూపించండి, అవి కూడా పెరుగుతూనే ఉన్నాయి, సముద్రం మీద అపార్ట్‌మెంట్లు లేవు.

మన దేశంలో 1901 నుంచి 2018 దాకా సగటున సుమారు 0.7 డిగ్రీలే పెరిగింది, ప్రపంచం కన్నా తక్కువ. దుమ్మూ, పొగలోని సన్నని కణాలూ ఎండని కొంత అడ్డుకోవడం దానికి ఒక కారణం, అంటే గాలి శుభ్రం చేసుకుంటే దాగి ఉన్న వేడి కూడా బయటపడుతుంది. ఇది ఎవరికీ సంతోషం కలిగించే మాట కాదు.

నా తూకం ఇది. మంచుయుగాలు ఎందుకొచ్చాయంటే భూమి కక్ష్య పేరు చెప్తాను. పదిహేడో శతాబ్దపు చలికైతే ముందు అగ్నిపర్వతాలూ, ఆ తర్వాత సూర్యుడూ. మీ పడగ్గది రాత్రి పన్నెండుకి ఎందుకు ఉడుకుతోందంటే సగం పైగా స్లాబు, దానికి మేడ మీద తెల్ల రంగు వేయించండి, చర్చ అక్కర్లేదు. 1970ల తర్వాత భూమి మొత్తం ఎందుకు వేడెక్కిందంటే మాత్రం పొగ తప్ప ఇంకోటి నిలబడదు, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాల నుంచి వచ్చేది కూడా అందులో ఉంది, ఆ కరెంటుతోనే నేనిది రాస్తున్నా.

ఇంకా నమ్మకం కుదరని సూర్యుడి పక్షం వాళ్లకి ఒక పందెం. 2030 ప్రాంతంలో సూర్యుడు మళ్లీ అడుగుకి వస్తాడు. అప్పుడు ప్రపంచ సగటు ఎంతకి దిగుతుందో అంకె ఇప్పుడే చెప్పండి. నా అంకె నేను చెప్తున్నా: సూర్యుడి వల్ల తగ్గేది 0.1 డిగ్రీ మించదు, ఆ తగ్గుదల కూడా పైకి కనిపించదు (1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలినట్టు పెద్ద అగ్నిపర్వతం ఏదో పేలితే వచ్చే తగ్గుదల వేరే సంగతి), 1990ల నాటి సగటుకి ఒక్క ఏడాది కూడా వెనక్కి వెళ్లదు.