ఫిన్ పార్క్ మ్యాచ్, ఆ చుట్టూ ఉన్న ఊళ్లు: డొనెగాల్‌లో ఒక వారాంతం

డబ్లిన్‌లో ఉండే మనవాళ్లు ఐర్లండ్ వాయవ్య మూలనున్న డొనెగాల్ జిల్లాకు వెళ్తే స్లీవ్ లీగ్ కొండ అంచులు, గ్లెన్‌వే పార్కు చూసి తిరిగొచ్చేస్తారు. మధ్యలో తగిలే బాలీబోఫే దగ్గర కారు ఆపేది కాఫీ కోసమే. నన్నడిగితే శుక్రవారం సాయంత్రానికల్లా ఆ ఊరు చేరాలి. అక్కడి ఫిన్ పార్క్ స్టేడియంలో ఫిన్ హార్ప్స్ క్లబ్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూడాలి. శని, ఆదివారాలు ఆ ఫిన్ నది లోయలోనే తిరగాలి.

ముందు దారి సంగతి. ఫోన్‌లో మ్యాప్ పెడితే ఓమా, స్ట్రబేన్ మీదుగా దగ్గరి దారి చూపిస్తుంది. ఆ రెండూ ఉత్తర ఐర్లండ్ ఊళ్లు, అంటే యూకే. సరిహద్దు దగ్గర గేటు ఉండదు, మామూలుగా ఎవరూ ఆపరు. అయినా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు యూకే వీసా ఉండాల్సిందే, ఐరిష్ రెసిడెన్స్ కార్డు ఒక్కటే చాలదు. ఆ టెన్షన్ వద్దనుకుంటే స్లైగో, డొనెగాల్ టౌన్ మీదుగా ఎన్15 రోడ్డు పట్టుకోండి. కాస్త చుట్టే, కానీ రోడ్డంతా ఐర్లండ్ రిపబ్లిక్‌లోనే ఉంటుంది. పైగా బార్న్స్‌మోర్ కనుమ ఈ దారిలోనే వస్తుంది. రెండు కొండల మధ్య సన్నగా దూరిపోయే ఆ రోడ్డు మీద మబ్బులు చేతికందేంత కిందకి దిగుతాయి. కొండ వాలులో పాత రైలు కట్ట ఆనవాళ్లు ఇంకా కనిపిస్తాయి. ఇప్పుడు డొనెగాల్ జిల్లా మొత్తానికీ మామూలు రైలు సర్వీసు లేదు. కారు లేనివాళ్లు డబ్లిన్ కనోలీ స్టేషన్ నుంచి స్లైగో దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్ ఏరన్ అనే ప్రభుత్వ సంస్థ 64వ నంబరు బస్సు ఎక్కవచ్చు. ఊరి దాకా అది బాగానే ఉంటుంది కానీ చుట్టుపక్కల తిరగాలంటే కారు తప్పదు.

బాలీబోఫే, స్ట్రానోర్లార్ జంట ఊళ్లు. మధ్యలో ఫిన్ నది, దాని మీద వంతెన. ఫిన్ హార్ప్స్ క్లబ్ 1954లో ఇక్కడే పుట్టింది, 1969లో జాతీయ లీగ్‌లో చేరింది, 1974లో ఎఫ్ఏఐ కప్ (ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘం కప్) గెలిచింది. లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్, 235, కొట్టిన బ్రెండన్ బ్రాడ్లీ ఈ క్లబ్ ఆటగాడిగానే ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు. ఐర్లండ్‌లో లీగ్ సీజన్ ఫిబ్రవరిలో మొదలై శరదృతువు దాకా సాగుతుంది కాబట్టి వేసవి సెలవుల్లో వెళ్లినా మ్యాచ్ దొరుకుతుంది.

స్టేడియం చిన్నది, పాతది. పెద్ద పెద్ద స్టేడియాలు చూసిన కళ్లకు మొదట ఏముందిక్కడ అనిపించవచ్చు. కానీ గీత పక్కనే నిలబడి చూస్తుంటే ఆటగాళ్లు ఒకరినొకరు కేకేసుకోవడం వినిపిస్తుంది. తాత, కొడుకు, మనవడు ఒకే కమ్మీకి ఆనుకుని నిలబడతారు. గేటు దగ్గర, టీ కొట్టు దగ్గర పనిచేసేవాళ్లలో చాలామంది జీతం లేకుండా క్లబ్ కోసం వచ్చినవాళ్లే. కొత్త ముఖం కనిపిస్తే ఎక్కడి నుంచి వచ్చారని పలకరిస్తారు. నాకు ఈ యాత్ర మొత్తంలో బాగా నచ్చింది ఆ సాయంత్రమే. గొడుగు కంటే వాన కోటు మేలు, గాలి గొడుగును నిలవనివ్వదు.

ఇదే ఊళ్లో గేలిక్ ఫుట్‌బాల్‌కి (బంతిని చేత్తో కూడా పట్టుకుని ఆడే ఐరిష్ ఆట) వేరే మైదానం, మెక్‌కూల్ పార్క్ ఉంది. ఆ ఆటలో 1992లో, 2012లో ఆల్ ఐర్లండ్ టోర్నీ గెలిచిన జిల్లా ఇది. ఆదివారం అక్కడ ఆట ఉందేమో కనుక్కోండి.

బస విషయంలో నా ఓటు ఊళ్లోని హోటళ్లకే. జాక్సన్స్ నది పక్కన ఉంది, ఈత కొలను ఉంది కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే నయం. విల్లా రోజ్ మెయిన్ స్ట్రీట్‌లోనే ఉంటుంది, మ్యాచ్‌కి నడిచి వెళ్లవచ్చు. ఊరికి దూరంగా చవగ్గా దొరికిన ఒక ఇంటి బసలో మాత్రం రాత్రి హీటింగ్ ఆపేశారు. శాకాహారం అని ముందే చెప్పినా పొద్దున టోస్టు, జామ్ తప్ప ఏమీ పెట్టలేదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఊరు కిటకిటలాడుతుంది, మెకెల్‌హినీస్ అనే పెద్ద బట్టల షాపుకి చాలా దూరాల నుంచి జనం వస్తారు. గదులు ముందే చూసుకోవాలి.

స్ట్రానోర్లార్ చర్చి ఆవరణలో ఐజాక్ బట్ సమాధి ఉంది. ఈ గ్లెన్‌ఫిన్ ప్రాంతంలోనే 1813లో పుట్టి, 1870లో ఐరిష్ హోమ్ రూల్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మనిషి. మదనపల్లె కాలేజీతో మనకు తెలిసిన అనీ బిసెంట్ 1916లో హోమ్ రూల్ లీగ్ పెట్టినప్పుడు ఆ పేరు వచ్చింది ఈ ఐరిష్ ఉద్యమం నుంచే. ఆ సంగతి తెలిసి అక్కడ నిలబడితే చాలాసేపు కదలబుద్ధి కాలేదు. ఇక్కడికి దగ్గర్లోనే డ్రంబో అడవి, నది వెంట చక్కని నడక దారి. ఐరిష్ అంతర్యుద్ధ కాలంలో, 1923 మార్చి 14న, నలుగురు రిపబ్లికన్ (బ్రిటన్‌తో ఒప్పందాన్ని ఒప్పుకోని పక్షం) ఖైదీలను ప్రభుత్వ సైన్యం ఇక్కడే కాల్చి చంపింది. వాళ్ల స్మారకం చూడకుండా రావద్దు.

దగ్గర్లోని రఫో అనే ఊరి పక్కన కొండ మీది బెల్టనీ రాతి వలయానికి ఒక పూట కేటాయించండి. 64 రాళ్లు, కొన్ని మనిషిని మించిన ఎత్తు. టికెట్ లేదు, గైడ్ లేడు, టాయిలెట్ కూడా లేదు. బండి కింద ఆపి బురద దారిలో నడిచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే నెమ్మదిగా నడిపించాలి. పైకి చేరాక చుట్టూ ఉన్న పొలాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. రఫోలో పాడుబడిన బిషప్ కోటను మాత్రం బయటి నుంచి చూసి వచ్చేయొచ్చు.

పెద్దవాళ్లకూ, పిల్లలకూ ఫిన్‌టౌన్ అనే ఊరు బాగుంటుంది. గ్లెంటీస్ దాకా వెళ్లే పాత రైలు మార్గంలో కొంత ముక్కను స్థానికులు బాగుచేసి, 1995 నుంచి చిన్న రైలు నడుపుతున్నారు. ఫిన్ సరస్సు ఒడ్డు వెంటే పోతుంది. ఐరిష్ మాట్లాడే ప్రాంతం కాబట్టి ఊరి పేర్ల బోర్డులు ఐరిష్‌లోనే ఉంటాయి, మ్యాప్‌లో ఆ పేర్లు ముందే చూసి పెట్టుకోండి. రైలు నడిచేది సీజన్‌లోనే, అందుకే బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. అది దొరక్కపోతే తిరుగు దారిలో డొనెగాల్ టౌన్‌లో రైల్వే మ్యూజియం ఉంది. 1959 చివర్లో ఆగిపోయిన ఆ జిల్లా రైళ్ల గురించి అక్కడ తెలుసుకోవచ్చు.