చెయ్యి చూసే టీచరు కావాలి: ఎనిమిదేళ్ల గిటార్ క్లాసుల తర్వాత

ముందే చెప్పేస్తాను, నేను గొప్పగా వాయించను. 34 ఏళ్లకి మొదలుపెట్టి, ఉద్యోగం చేసుకుంటూ, ఎనిమిదేళ్లు నేర్చుకున్నవాడు ఎంత వాయించగలడో అంతే వాయిస్తాను. కాకపోతే ఈ ఎనిమిదేళ్లలో నలుగురు టీచర్ల ముందు కూర్చున్నాను. గిటార్‌కి ముగ్గురు, మధ్యలో పుట్టిన పిచ్చి వల్ల వయొలిన్‌కి ఒకరు. వాయిద్యం సంగతి ఎలా ఉన్నా, నేర్పేవాళ్ల గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పగలననే అనుకుంటున్నాను.

మొదటి సార్ అద్భుతంగా వాయించేవారు. క్లాసు గంటా ఎలా గడిచిందో తెలిసేది కాదు. ఇప్పుడు లెక్కేసుకుంటే ఆ గంటలో నలభై నిమిషాలు ఆయన వాయించేవారు, నేను తలూపేవాణ్ని. వెళ్లగానే నా గిటార్ అందుకుని, రెండు నిమిషాల్లో శ్రుతి చేసి తిరిగి చేతికిచ్చేవారు. ఎంత శ్రద్ధో అనుకునేవాణ్ని. అలా రెండేళ్లు గడిచాక ఒకరోజు ఇంట్లో రెండో తీగ తెగింది. కొత్తది వేశాను. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని తిప్పుతూ పోతే, ఆ తీగ పలకాల్సిన స్వరం ‘బి’ అని ఆకుపచ్చ లైటు వెలిగింది. తీగ మాత్రం బట్టలారేసే తాడులా వేలాడుతోంది. అరగంట తల గోక్కున్నాను. యాప్‌కి ఏ స్థాయిలో ఉన్న ‘బి’ అయినా ‘బి’యే. నేను ఒక స్థాయి కింద ఆగిపోయానని నాకు తెలీదు, ఎందుకంటే ఆ తీగ ఎంత ఎత్తులో పలకాలో నా చెవికి ఎవరూ చెప్పలేదు.

నిజానికి అది పది నిమిషాల పాఠం. లావు తీగ నుంచి సన్న తీగ వరకు ఈ, ఎ, డి, జి, బి, ఈ. ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు. అన్నిటికంటే లావైన ఆరో తీగ మీద ఐదో ఫ్రెట్ నొక్కితే పలికేదే ఐదో తీగ వట్టిగా మీటితే పలకాలి. మిగతా తీగలూ ఇదే వరస, ఒక్క మూడో తీగ దగ్గర మాత్రం నాలుగో ఫ్రెట్ నొక్కి రెండో తీగని కలుపుకోవాలి. ఈ పది నిమిషాలూ చెప్పకుండా రెండేళ్లు నడిపిన క్లాసుని ఏమనాలి? ఆయన మోసం చేశారని అనను. తనకి అలవాటైపోయిన పని ఎదుటివాడికి రాదన్న సంగతే ఆయనకి తట్టలేదు. బాగా వాయించేవాళ్లలో ఈ లోపం తరచూ చూశాను. వాళ్లు ఎప్పుడో దాటేసిన మెట్టు వాళ్లకి గుర్తుండదు.

అదే రెండేళ్లలో ఇంకో గాయం ఎఫ్ కార్డ్. కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికేలా తీగలని నొక్కే పట్టు. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కే ఆ బారె కార్డ్ దగ్గరే సగం మంది గిటార్‌ని మూలన పెడతారని నా అనుమానం. నాకు ఎంత నొక్కినా మొదటి రెండు తీగలూ టక్ టక్ అనేవే తప్ప మోగేవి కావు. సార్‌ని అడిగితే ‘ప్రాక్టీసు చెయ్యండి, వేలికి బలం వస్తుంది’ అనేవారు. బలం రాలేదు, బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చింది. నొప్పి గురించి చెబితే ‘అందరికీ ఉండేదే’ అన్నారు. వేలి కొసలు మండటం, గట్టిపడటం నిజంగానే అందరికీ ఉండేది. మణికట్టూ బొటనవేలూ లాగటం ఆ కోవలోది కాదు. ఆ తేడా చెప్పని టీచరు దగ్గర ఎక్కువకాలం ఉండకూడదని తర్వాత తెలిసింది.

ఆ నొప్పితోనే రెండో టీచరు దగ్గరికి వెళ్లాను. క్లాసికల్ గిటార్ నేర్పే మేడమ్. మొదటి క్లాసులో ఆవిడ అసలు వాయించలేదు. ‘మీకు వచ్చింది వాయించండి’ అని, నా ఎడమ పక్కకి కుర్చీ జరుపుకుని కూర్చుని చేతినే చూశారు. తర్వాత లేచి వెనక నిలబడి భుజాలు చూశారు. ఎఫ్ కార్డ్ పట్టమన్నారు, మోగలేదు. అదే కార్డ్‌ని అలాగే జరిపి ఐదో ఫ్రెట్ దగ్గర పట్టమన్నారు. ఆరు తీగలూ గంటల్లా మోగాయి! నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నవ్వి ‘మీ వేలికేం లేదండీ, రోగం గిటార్‌ది’ అన్నారు.

మూడో ఫ్రెట్ దగ్గర తీగని నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగకి కింద ఎంత సందుందో చూపించారు. సన్నని వెంట్రుకంత ఉండాల్సిన చోట మందపాటి అట్టముక్క దూరేంత ఉంది. మెడ కొసన తీగలు కూర్చునే నట్ అనే ముక్కలో గాడులు లోతుగా లేకపోతే, మొదటి ఫ్రెట్ దగ్గర తీగ వంగడానికి రెండింతల బలం పెట్టాలట. నట్ నుంచి దూరం వెళ్లేకొద్దీ ఆ ఇబ్బంది తగ్గిపోతుంది. రిపేరు చేసేవాళ్లతో ఆ గాడులు అరగదీయించాక, వారంలో ఎఫ్ వచ్చింది. రెండేళ్లు నా వేళ్లని నేనే తిట్టుకున్నాను.

ఈ మేడమ్ దగ్గర నాలుగేళ్లు ఉన్నాను, ఇప్పటికీ ఉన్నాను. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను.

ఆవిడ క్లాసులో మొదటి ఆరు నెలలూ విసుగే. ఎడమ కాలి కింద చిన్న పీట, గిటార్ మెడ ఏటవాలుగా పైకి, కుడిచేతి మణికట్టు మరీ వంగకుండా, బొటనవేలు మెడ వెనక నడిమధ్యన. తీగని మీటాక వేలు పక్క తీగ మీద ఆనాలా, గాల్లో ఆగాలా అన్నదే మూడు వారాలు. ఆనితే స్వరం నిండుగా వస్తుంది, పాటలో పై వరసకి అది. గాల్లో ఆగితే పక్క తీగ మోగుతూనే ఉంటుంది, కలిపి మీటేచోట ఇది. మొదట్లో నాకు రెండూ ఒకేలా వినిపించేవి. ఆవిడ నా కళ్లు మూయించి రెండు రకాలుగా మీటి ఏది ఏదో చెప్పమనేవారు. పది సార్లలో ఐదు సార్లు తప్పు చెప్పేవాణ్ని. నెల తర్వాత ఒక్కటీ తప్పలేదు. ఆ నెలలో నా వేళ్లకి కొత్తగా ఏమీ రాలేదు, చెవికి వచ్చింది.

గోళ్ల గొడవ ఇంకోటి. కుడిచేతి గోళ్లు కొద్దిగా పెంచి, నున్నగా అరగదీసుకోవాలి, ఎడమచేతివి పూర్తిగా కత్తిరించాలి. ఆఫీసులో ఎవరో ఒకరు చూసి ఏదో ఒకటి అంటూనే ఉంటారు. గోళ్లు పెంచలేనంటే ఆవిడ బలవంతపెట్టరు. తారెగా లాంటి మహా గిటార్ వాద్యకారుడే చివరి ఏళ్లలో గోళ్లు తీసేసి వట్టి వేళ్లతో వాయించారని, ఆ తర్వాతి తరంలో సెగోవియా గోళ్లతో వాయించారని చెప్పి, ‘ఎవరి స్వరం వాళ్లది, ఏది కావాలో మీరు విని తేల్చుకోండి’ అన్నారు. ఇలా కారణం చెప్పి వదిలేసే టీచరుని నేను ఎక్కువగా నమ్ముతాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాటల కోసం వచ్చినవాళ్లు ఆవిడ దగ్గర నిలవరు. స్నేహితులతో కూర్చుని పాడుతూ కార్డ్స్ కొట్టాలనుకునే మా తమ్ముడు మూడో వారానికే మానేశాడు. వాడికి ఆరు కార్డులు, తీగలన్నీ కలిపి మీటే రెండు స్ట్రమ్మింగ్ వరసలు, శ్రుతి పెంచడానికి మెడకి బిగించే ఒక కేపో చాలు. తప్పు వాడిదీ కాదు, ఆవిడదీ కాదు. వాడు ఆ మాట ముందే చెప్పలేదు, ఆవిడా అడగలేదు. అడగాల్సింది. ఇంకోటి, ఆవిడకి మెట్రోనోమ్ పిచ్చి, అంటే టక్ టక్ మని లయ కొట్టే యంత్రం. నిమిషానికి 60 దెబ్బల దగ్గర తప్పు లేకుండా వస్తేనే 64. ఇంత మందకొడిగా వాయించిన రోజుల్లో పాట అన్నదే మర్చిపోయాను.

ఊరు మారిన ఏడాదిన్నర ఆన్‌లైన్లో ఇంకో సార్ దగ్గర నేర్చుకున్నాను. ఆన్‌లైన్ అంటే మొహం చిట్లించే వాళ్లున్నారు గానీ, నా అనుభవం సగం సగం. మొదటి నెలంతా వృథా పోయింది, కారణం మా ఇద్దరికీ తెలీదు. నేను మీటిన స్వరం రెండు క్షణాల్లో ఆవిరైపోయినట్టు ఆయనకి వినిపించేది. ‘వేలు త్వరగా ఎత్తేస్తున్నారు’ అనేవారు. ఎత్తడం లేదు మహాప్రభో! చివరికి తేలిందేమిటంటే, వీడియో కాల్ యాప్‌లు మాట కోసం తయారైనవి. ఆగకుండా సాగే శబ్దం వస్తే ఫ్యాను చప్పుడనుకుని నొక్కేస్తాయి. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అని ఒక సెట్టింగ్ ఉంది, అది ఆన్ చెయ్యగానే నా వేలు నిర్దోషి అయిపోయింది. ఇయర్‌ఫోన్స్ కూడా తప్పనిసరి. ఆరో తీగ పలికేది సుమారు 82 హెర్ట్జ్ దగ్గర, లాప్‌టాప్ స్పీకర్లకి అంత కిందికి దిగడం చేతకాదు.

ఇద్దరూ కలిసి వాయించడం మాత్రం ఆన్‌లైన్లో కుదరదు. శబ్దం వెళ్లి రావడంలో ఆలస్యం ఉంటుంది. ఎదుటివాళ్ల తాళం అందుకుని మనం వాయిస్తే వాళ్లకి మనం వెనకబడ్డట్టు వినిపిస్తుంది, వాళ్లు ఆగుతారు, మనమూ ఆగుతాం, పాట నేల మీదికి దిగిపోతుంది. అందుకే ఆ సార్ మంచి పని చేసేవారు. తన భాగం రికార్డు చేసి పంపేవారు. నేను దానితో కలిపి వాయించి, రికార్డు చేసి క్లాసుకి ముందే పంపాలి. క్లాసులో ఆ రికార్డింగే వింటాం. ఎదురుగా కూర్చున్న క్లాసులకంటే ఇందులోనే ఎక్కువ నేర్చుకున్నాను, ఎందుకంటే పంపేముందు నాకు నేనే ఐదారుసార్లు విని సిగ్గుపడాల్సి వచ్చేది. కెమెరా ఒకటే ఇబ్బంది. ముఖం కనిపించేలా పెడితే ఎడమచేయి కనపడదు, ఎడమచేయి కనపడేలా పెడితే కుడిచేయి పోతుంది. ‘కొంచెం పక్కకి తిప్పండి’ అని ఆయన అడగడం మానేసిన రోజున నేనూ మానేశాను.

వయొలిన్ గురించి రెండు మాటలే. ఫ్రెట్లు లేని తీగల మీద వేలు ఎక్కడ పెట్టాలో చూపించే గీత ఉండదు. అరంగుళం దాకా అక్కర్లేదు, ఒక మిల్లీమీటరు జరిగితే చాలు, అపశ్రుతి. పదేళ్ల పిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. ఆ మాస్టారు నా చెయ్యి చూసేవారు కాదు, కిటికీ వైపు తిరిగి కూర్చుని వినేవారు. ‘మూడో వేలు పైకుంది’ అనేవారు, సరిగ్గా మూడో వేలే! ఎనిమిది నెలలకి నేను తప్పుకున్నాను, బో, అంటే తీగల మీద లాగే కమాను, పట్టుకోవడం లొంగలేదు. కానీ ఆ చెవితో తిరిగొచ్చి గిటార్ ముట్టుకుంటే, ట్యూనర్ సరే అన్న గిటార్ కూడా కొన్ని కార్డుల్లో కాస్త గరగరగా వినిపించడం మొదలైంది. మేడమ్‌ని అడిగితే, ఫ్రెట్ల వాద్యాల్లో పన్నెండు స్వరాలనీ సమానంగా పంచేస్తారని, ఆ పంపకంలో కొన్ని స్వరాలు వాటి సహజ స్థానం నుంచి కొద్దిగా జరుగుతాయని చెప్పారు. ఎనిమిది నెలల వయొలిన్ ఫీజు ఆ ఒక్క జవాబుకే గిట్టుబాటైంది.

మా అమ్మాయి ఇప్పుడు చిన్న గిటార్‌లా ఉండే యుకులేలే నేర్చుకుంటోంది, ఎనిమిది మంది పిల్లల గుంపు క్లాసు. నాలుగే తీగలు, నైలాన్‌వి, వేళ్లకి మెత్తన. అక్కడ తప్పులు గుంపులో కలిసిపోతాయి, సరదా మాత్రం మిగులుతుంది. ఆ వయసుకి చాలు. అది అడిగిన రోజున ఒంటరి క్లాసు చూస్తాం. గ్రేడ్ పరీక్షలు ఎప్పుడు రాయిస్తారని బంధువులు అడుగుతుంటారు. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎమ్ లాంటి సంగీత పరీక్షల బోర్డులవి ఎనిమిదో గ్రేడ్ దాకా ఉంటాయి. నేను రెండు రాశాను. గడువు ఉంటే ప్రాక్టీసు జరుగుతుందన్నది నిజం. ఏడాదంతా పరీక్షకి పెట్టిన మూడు పాటలే నేర్పే టీచర్లు ఉన్నారన్నదీ నిజం.

కొత్త టీచరుని ఎంచుకోవాలంటే ఇప్పుడు నాదగ్గర ఒక చిన్న కుట్ర ఉంది. ట్రయల్ క్లాసుకి మూడో తీగని కావాలనే కొద్దిగా దించుకుని వెళతాను. గమనించని వాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లను. గమనించి, నా చేతిలోంచి గిటార్ లాక్కుని సరిచేసే వాళ్ల దగ్గరికీ వెళ్లను. ‘ఏదో తీగ దిగింది, ఏ తీగో కనిపెట్టండి’ అనేవాళ్లు కావాలి. మొన్న తమ్ముడికోసం ముగ్గుర్ని ఇలా చూశాం. మూడో ఆయన ఆ మాట అన్నారు. వాడికి ఏం వాయించాలనుందని కూడా ఆయనే అడిగారు. వాడిప్పుడు అక్కడే ఉన్నాడు, నాలుగో నెల.

నాకు మేడమ్ దగ్గర నెలకి రెండు క్లాసులు సాగుతున్నాయి. శనివారం క్లాసు. తీగలు పాతబడి మూగబోయాయి, మార్చాలి. కొత్త నైలాన్ తీగలు వేశాక నాలుగైదు రోజులు సాగుతూనే ఉంటాయి, గంటకోసారి శ్రుతి చేసుకోవాలి. అందుకే ఇవాళే కూర్చున్నాను, రెండో తీగ నుంచి మొదలుపెట్టాను.