వెలిగొండల కింద ఆరేళ్లు తొక్కిన సైకిలు

2019 డిసెంబరులో కొన్నాను. మీటరు ఇప్పటికి 14 వేల కిలోమీటర్లు దాటింది. అందులో సగానికి పైగా నెల్లూరుకి పడమర దిక్కునే తిరిగాను. పొదలకూరు, రాపూరు, పెంచలకోన, కలువాయి, సోమశిల, ఏఎస్ పేట, ఉదయగిరి, అన్నీ వెలిగొండల అంచు పట్టుకుని పోయే రోడ్లే. ఈ వైపు సైకిలు మీద రావాలనుకునేవాళ్లు ఏ సైకిలు కొనమంటావని అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో చెప్తే సగమే చెప్పినట్టుంటుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నాకు నలభై తొమ్మిదేళ్లు. పందేలకి పోను. రెండు రోజులు సెలవు దొరికితే సంచులు తగిలించుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి ఊరు దాటతాను, మర్నాడు పొద్దుగూకేలోగా ఇల్లు చేరతాను. సైకిలు ఉక్కు ఫ్రేముది, 15 కిలోలు. రెండు సంచులు, మూడు లీటర్ల నీళ్లు కలిస్తే ఇంకో పన్నెండు కిలోలు. చేత్తో ఎత్తి చూసిన ప్రతివాళ్లూ "ఇంత బరువా!" అంటారు. కొండలెక్కేటప్పుడు ఆ బరువు ఇన్నేళ్లలో నన్ను ఇబ్బంది పెట్టిందేమీ లేదు. ఎందుకంటే దీనికి చిన్న గేరు ఉంది.

ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగాలి. ముందు పెడళ్ల దగ్గరున్న మూడు పళ్ల చక్రాల్లో చిన్నదానికి 28 పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్దదానికి 34 పళ్లు. ఆ జతలో వేసి పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిలు 1.8 మీటర్లు కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఆరున్నర కిలోమీటర్లు. నడక కంటే ఓ మోస్తరు వేగం, అంతే. కానీ మోకాళ్లు నొప్పెట్టవు, ఊపిరి అందుతుంది, ఎంతసేపైనా తొక్కొచ్చు. మా స్నేహితుడిది నా సైకిల్లో సగం బరువుండే రేసు సైకిలు. దాని చిన్న గేరు ముందు 34, వెనక 28. ఒక చుట్టుకి రెండున్నర మీటర్లు పోతుంది. రాపూరు నుంచి చిట్వేలికి పోయే కనుమలో రెండో మలుపు దగ్గరే అతను దిగి నెట్టాల్సొచ్చింది. అతని కాళ్లు నా కాళ్లకన్నా గట్టివి. గేరే లేదు పాపం. తర్వాత వెనక పళ్ల చక్రాలు మార్పించుకుని వచ్చాడు, హాయిగా ఎక్కాడు. కాబట్టి కొట్లో బేరమాడే ముందు ఈ రెండు చోట్లా పళ్లు లెక్కపెట్టండి. వెనక పళ్లు ముందువాటికన్నా ఎక్కువుంటే ఆ సైకిలు మన కొండలెక్కుతుంది.

ఆ గేర్లో పోతున్నప్పుడే చుట్టూ ఏముందో కనిపిస్తుంది కూడా. కనుమలో పొద్దున ఆరున్నరప్పుడు చైను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. రోడ్డు పక్కనే ఎర్రచందనం చెట్లు. బెరడు మొసలి తోలులా చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. బస్సులో ఎన్నోసార్లు పోయాను ఆ దారిన, ఒక్కసారి కూడా ఆ బెరడు చూడలేదు. ఒక జాగ్రత్త: ఇది పెనుశిల నరసింహ అభయారణ్యం వైపు అడవి. ఎర్రచందనం దొంగతనాల మూలంగా అటవీ శాఖ వాళ్ల నిఘా ఉంటుంది. రోడ్డు దిగి లోపలికి పోవద్దు, చీకటి పడ్డాక అసలు ఉండొద్దు.

ఇక తప్పులు. మూడో ఏడు కలువాయి దాటాక వెనక చక్రం ఊగడం మొదలెట్టింది. చూస్తే లోపలి ఇరుసు వంగింది. దీనికి కారణం తర్వాత తెలిసింది. ఏడు గేర్ల ఫ్రీవీల్, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తి, మరతో బిగించే రకం హబ్బులో (చక్రం నడిమి గొట్టంలో) ఇరుసుని మోసే గుండ్ల గిన్నె, అదే బాల్ రేసు, బాగా లోపలికి ఉంటుంది. కుడివైపు ఇరుసు ముక్క ఆసరా లేకుండా పొడుగ్గా మిగిలిపోతుంది. పైన సంచుల బరువు, కింద గుంట, ఆ ముక్క వంగక ఏం చేస్తుంది? ఆ రోజు సైకిలుని ఆర్టీసీ బస్సు ఎక్కించి ఇల్లు చేరాను. కొన్నచోట అదే రకం ఇరుసు వేసిచ్చి "ఇంకేం కాదు" అన్నారు. ఎనిమిది నెలలకి అదీ వంగింది. అప్పుడు బాల్ రేసు చివరిదాకా ఉండే క్యాసెట్ హబ్బు, 36 పుల్లల రిమ్ము కట్టించాను. మూడేళ్లయింది, ఒక్క పుల్ల తెగలేదు, ఒక్కసారి మాత్రం బెండు తీయించాను. సంచులేసుకుని తిరగాలనుకుంటే ఈ పని మొదటి రోజే చేయించుకోండి. నేను రెండుసార్లు దారిలో నిలబడి నేర్చుకున్నాను.

టైర్ల సంగతి. 38 మిల్లీమీటర్ల వెడల్పువి వాడుతున్నా. మొదట్లో టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ గాలి కొట్టించేవాణ్ణి. గాలి ఒత్తిడి వెనక 50, ముందు 45 పీఎస్ఐకి దించాక చేతుల తిమ్మిరి పోయింది, కంకర తేలిన చోట పట్టు కూడా బాగుంది. పొదలకూరు వైపు తెల్లరాయి లారీలు తిరుగుతాయి. వాటి నుంచి రాలిన పలుగురాతి చెక్కులు గాజుపెంకుల్లా రబ్బరుని కోస్తాయి. అంతకన్నా పెద్ద శత్రువు సర్కారు తుమ్మ. బొగ్గు బట్టీల కోసం నరికిన తుమ్మ మోపులు ట్రాక్టర్లలో తోలిన మర్నాడు ఆ రోడ్డు మీదికి పోతే పంచరు ఖాయం.

చేజర్ల దగ్గర ఒకసారి ఒకే గంటలో మూడు పంచర్లు పడ్డాయి. ట్యూబు మారుస్తున్నా, మళ్లీ దిగిపోతోంది. నిమ్మతోటకి కాపలా ఉండే ఒక పెద్దామె వచ్చి, "యాడికి పోతుండావు నాయనా, సైకిల్లో?" అంటూ పక్కన కూర్చుంది. "ట్యూబు సూస్తే యేముంది, టైరు లోపల చెయ్యి పెట్టి సూడు" అంది. చూపుడువేలితో మెల్లగా తడిమితే ఒకచోట చురుక్కుమంది. ముల్లు పైన విరిగిపోయి, బియ్యపు గింజంత మొన రబ్బరులో మిగిలింది. బయటినుంచి కనపడదు, గాలి నిండినప్పుడే లోపలికి దిగుతుంది. పిన్నీసుతో తోడి తీశాను. ఆమె రెండు నిమ్మకాయలు పిండి, ఉప్పేసి, నా సీసాలోనే కలిపిచ్చింది. డబ్బులు ఇయ్యబోతే తీసుకోలేదు. అప్పటినుంచి టైరుకీ ట్యూబుకీ మధ్య ప్లాస్టిక్ పట్టీ వేస్తున్నాను. పంచర్లు నెలకి రెండు నుంచి ఏడాదికి మూడుకి తగ్గాయి. బరువు కాస్త పెరిగినా నాకు సమ్మతమే.

సంచులు రెండో జత. మొదటి జతకి జిప్పులుండేవి. ఎర్రమట్టి దుమ్ముకి ఏడాదిలోనే బిగుసుకున్నాయి. పెంచలకోనలో సైకిలు ఆనించి కాళ్లు కడుక్కుంటుంటే ఓ కోతి జిప్పు లాగి అరటిపళ్లు, దాంతోపాటు పంచరు సొల్యూషన్ ట్యూబు కూడా పట్టుకుపోయింది. ఇప్పుడున్నవి మూతి మడతపెట్టి బకిల్ బిగించేవి. మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరుదాకా పడతాయి కదా, ఒక నవంబరులో సోమశిల నుంచి ఆత్మకూరు దాకా ఏకధారగా తడిశాను, లోపల బట్టలు పొడిగానే ఉన్నాయి. పెంచలకోన గుడికి శనివారం మాత్రం పోవద్దు. దర్శనానికి వచ్చే బండ్లతో రాపూరు నుంచే రోడ్డు నిండిపోతుంది. మంగళవారమో బుధవారమో పోతే కొండ మీదినుంచి నీళ్లు జారే చప్పుడు కూడా వినొచ్చు.

బ్రేకులు తీగతో లాగే డిస్కులు. బాగానే ఉన్నాయి. దిగేటప్పుడు పట్టుకునే ఉండకుండా నొక్కి, వదిలి, నొక్కి, వదిలి వాడాలి. ప్యాడ్లు పల్లెటూరి కొట్లలో దొరకవు, ఒక జత సంచిలో ఉంచుకోవాలి. సీటు సైకిలుతో వచ్చింది పనికిరాలేదు, తోలుది వేయించాను.

నీళ్ల గురించి ఒక మాట. ఉదయగిరి దాటి కనిగిరి వైపు పోయేకొద్దీ బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. దాహమైనా సరే, ఊళ్లో వాటర్ ప్లాంటు దగ్గరే పట్టుకోండి. ఫిబ్రవరి దాటితే పొద్దున తొమ్మిదిన్నరకల్లా చెట్టు నీడకి చేరిపోవాలి. ఇంకో సంగతి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది. పడమర నుంచి నెల్లూరుకి తిరిగొచ్చేటప్పుడు అది మొహానికే కొడుతుంది. అందుకే రెండో రోజు చీకటితోనే బయల్దేరి పదకొండుకల్లా పొదలకూరు చేరేలా చూసుకుంటాను.

ఉదయగిరి దుర్గం కింద కొయ్య గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర ఒక చిన్న చెంచా కొన్నాను. నాలుగేళ్లుగా సంచి పక్క జేబులోనే ఉంటోంది. కృష్ణదేవరాయలు 1514లో గెలిచిన కొండ అది. సైకిలు కింద తాళం వేసి నడిచే ఎక్కాలి, పూట పడుతుంది.

ప్రస్తుతానికి వెనక టైరు మధ్యలో గాడులు అరిగి నున్నగా అయ్యాయి. కొత్తది తెప్పించాను. అది ముందుకి వేసి, ముందున్నది వెనక్కి మార్చాలి. సంక్రాంతి వెళ్లాక సీతారామపురం మీదుగా భైరవకోన పోవాలని ఉంది. కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయక్కడ. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే ఘాటు ఇంతవరకు సంచులతో ఎక్కలేదు.