థ మధ్యలో చుక్క కనబడాలి: మూడున్నరేళ్లు వాడిన ల్యాప్‌టాప్ గురించి

నేను విజయవాడలో తెలుగు పుస్తకాలకు ప్రూఫులు చూస్తాను, పేజీలు కడతాను. "అర్థం" అంటే భావం, "అర్ధం" అంటే సగం. ఈ రెండింటికీ తేడా కింద ఒత్తులో ఉండే ఒక్క చుక్క. ఆ చుక్క సరిగా కనబడని స్క్రీన్ మీద ఏళ్ల తరబడి పనిచేశాను. 2022 ఆగస్టులో వేరే ల్యాప్‌టాప్ కొన్నాను, ఇప్పటిదాకా దాని మీదే పని. ప్రాసెసర్ల గురించి, గేముల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. రోజుకు తొమ్మిది పది గంటలు అక్షరాలు చూస్తూ కూర్చునేవాళ్లకు స్క్రీన్ ఎలా ఉండాలి, బాడీ ఎలా ఉండాలి అన్నదే నేను రాస్తున్నాను.

ముందు పాతదాని సంగతి చెప్పాలి. 2016లో 32 వేలు పెట్టి కొన్నాను. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, హార్డ్‌డిస్క్ ఎంత అని షాపులో గుచ్చి గుచ్చి అడిగాను. స్క్రీన్ గురించి అడిగింది సైజు ఒక్కటే. 15.6 అంగుళాలన్నారు. పెద్దదే కదా, కళ్లకు హాయిగా ఉంటుందనుకున్నాను. దాని రిజల్యూషన్, అంటే బొమ్మను కూర్చే చిన్న గడుల (పిక్సెళ్ల) లెక్క, 1366×768. లెక్కేస్తే అంగుళానికి సుమారు 100 పిక్సెళ్లు. పుస్తకంలో వేసే 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు అంగుళంలో ఆరో వంతు. అంటే అసలు సైజులో చూస్తే గుడి, అక్షరం, కింద ఒత్తు అన్నీ కలిపి దాదాపు 17 పిక్సెళ్లలో సర్దుకోవాలి. ఇంగ్లిష్ అక్షరానికి అది సరిపోతుంది. మనకు "రాష్ట్రం"లో ష కింద టవత్తు, రవత్తు రెండూ పట్టాలి. "బాధ"లో ధ కింద చిన్న గీత నిలవాలి. అవన్నీ నాకు బూడిదరంగు ముద్దలా కనిపించేవి.

అందుకని ప్రతి పేజీనీ 200 శాతానికి పెంచుకుని చూసేదాన్ని. అలా పెంచితే పేజీలో కొంత ముక్కే కనబడుతుంది. లైను పట్టుకుని అటూ ఇటూ జరుపుకుంటూ పోవాలి. పేజీ అడుగున ఒంటరి లైను మిగిలిందా, పేరాల మధ్య ఖాళీ సమానంగా ఉందా అన్నది ఒక్క చూపులో తేలదు. పైగా అది టీఎన్ అనే చవక రకం ప్యానెల్. మూత కొంచెం వెనక్కి వంచితే రంగులు వెలిసిపోయేవి, ముందుకు వంచితే నల్లబడేవి. నిటారుగా కూర్చున్నా పేజీ పైభాగం ఒక ఛాయలో, కిందిభాగం ఇంకో ఛాయలో ఉండేది.

ఒకసారి ఒక కథల పుస్తకానికి కుంకుమరంగు అట్ట అనుకున్నాం. స్క్రీన్ మీద ఆ ఎరుపు ఎంతకీ నిండుగా రావట్లేదని పెంచుకుంటూ పోయాను. ప్రెస్సు నుంచి వచ్చిన అట్ట చూస్తే కళ్లలో పొడిచినట్టుంది. ఆ రచయిత ఒక్క మాట అనలేదు, కానీ ఆయన ముఖం నాకింకా గుర్తుంది. ప్రెస్సువాళ్లు నేను పంపింది పంపినట్టే వేశారు. స్పెసిఫికేషన్లలో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" (స్క్రీన్ ఎంత మేర రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే, మామూలుగా కంప్యూటర్లో వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా ఆ స్క్రీన్ చూపించలేదని అర్థం. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఇంచుమించు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ. ఈ ఒక్క అంకె తెలిసి ఉంటే ఆ అట్ట అలా అయ్యేది కాదు.

ఇక బాడీ. 2018 డిసెంబరు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం కాబట్టి డిసెంబరంతా మాకు నిద్ర ఉండదు. ఒక రాత్రి మూత తెరుస్తుంటే టక్‌మని చప్పుడైంది. ఎడమవైపు హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర ప్లాస్టిక్ పగిలి, స్క్రీన్ చుట్టూ ఉన్న ఫ్రేమ్ నోరు తెరిచింది. చేతిలో నాలుగు పుస్తకాలున్నాయి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు. తెల్లారగానే గవర్నర్‌పేటలో రిపేరు చేసే అబ్బాయి దగ్గరికి పరిగెత్తాను. అతను విప్పి చూపించాడు. హింజ్ ఉక్కుది, చెక్కుచెదరలేదు. దాని స్క్రూలు బిగించేది చిన్న ఇత్తడి బుష్‌లలోకి. ఆ బుష్‌లు ప్లాస్టిక్‌లో పాతి ఉంటాయి. వాడగా వాడగా హింజ్ బిగుసుకుపోతే, మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా ఆ ప్లాస్టిక్ మీదే పడుతుంది. చివరికి బుష్ మొదలంటా ఊడొచ్చింది.

"హింజ్‌కేం కాలేదు మేడం, దాన్ని పట్టుకునే బలం బాడీలో లేదు. ఎంసీల్ పెడతాను. నిలబడుద్ది గానీ ఎన్నాళ్లో చెప్పలేనండి" అన్నాడు. ఉన్నమాట చెప్పినందుకు అతనంటే నాకు గౌరవం. పుస్తకాలు మహోత్సవానికి అందాయి. ఎంసీల్ ఏడు నెలలు ఆగింది. ఆ తర్వాత మూతను గోడకు ఆనించి, బయట ఒక మానిటర్ తగిలించుకుని నెట్టుకొచ్చాను.

కొత్తది కొనడానికి మూడు నెలలు తిరిగాను. చివరికి 94 వేలు అయింది. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. ఒకే పేరుతో వేర్వేరు స్క్రీన్లు అమ్ముతారు. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480నే తీసుకోండి. 1366×768, 1920×1080, 2560×1440 ఇలా మూడు రిజల్యూషన్లతో దొరికేది. పేరొక్కటే చూసి కొంటే ఎదుటివాళ్లు మెచ్చుకున్న స్క్రీనే మీకూ వస్తుందన్న నమ్మకం లేదు. పూర్తి పార్ట్ నంబరు అడిగి, ఆ నంబరుకు ఏ ప్యానెల్ వేశారో కంపెనీ సైట్లో చూసుకోవాలి. నేను తీసుకున్నది 14 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు అంతగా మారని రకం), 1920×1200, మ్యాట్ (నిగనిగలాడని పూత), 400 నిట్స్ (వెలుగు కొలత), 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. అదే మోడల్ 300 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్‌తో ఎనిమిది వేలు తక్కువకే ఉంది. "రెండూ ఫుల్ హెచ్‌డీయే మేడం, పెద్ద తేడా ఉండదు" అన్నాడు సేల్స్ అబ్బాయి. పక్కపక్కన పెట్టించి, రెండింట్లోనూ నా పేజీ తెరిచాను. ఆ తర్వాత అతనే మొదటిది తీసుకోమన్నాడు.

ఆ పేజీ ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లో ఉంది. అర్థం, అర్ధం, బోధ, రాష్ట్రం, స్త్రీ, ఇంకో పది మాటలు, 10 నుంచి 14 పాయింట్ల దాకా. తర్వాత ఒక తెల్ల పేజీ, ఒక నల్ల పేజీ, మేం వేసిన ఒక అట్ట. షోరూమ్‌లో నడిచే వీడియోలు చూసి ఏమీ తేల్చుకోలేం. వెలుగు మొత్తం పెంచేసి, చిలకలూ పూలూ చూపిస్తారు. వెలుగు సగానికి తగ్గించమని అడగండి, మీరు రోజూ చూసేది తెరవండి, లేచి నిలబడి పైనుంచి ఒకసారి చూడండి. బాగా తగ్గించినప్పుడు ఫోన్ కెమెరాతో స్క్రీన్‌ను చూడండి. నల్ల పట్టీలు పాకుతున్నట్టు కనిపిస్తే ఆ లైటు వేగంగా ఆరి వెలుగుతోందని అర్థం. పాతదాని మీద రాత్రిపూట నాకు వచ్చే తలనొప్పికి ఇదే కారణమని నా నమ్మకం. కొత్తదాంట్లో ఆ పట్టీలు లేవు, ఆ తలనొప్పీ తగ్గింది.

ఇంకా చాలా ఎక్కువ పిక్సెళ్లుండే 4కె స్క్రీన్ ఎందుకు తీసుకోలేదంటే, మా ప్రెస్సుల్లో ఇంకా పేజీలు కట్టే 2001 నాటి ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ 7 ఫైళ్లు వస్తుంటాయి. అది ఇంత సన్నటి పిక్సెళ్ల కాలంలో పుట్టింది కాదు. బాగా ఎక్కువ రిజల్యూషన్ ఉంటే దాని మెనూలు చీమల్లా అయిపోతాయి. కంపాటిబిలిటీ సెట్టింగుల్లో హై డీపీఐ మార్చి పెద్దవి చేయొచ్చు, అప్పుడు అక్షరాలు మసకబారతాయి. ఈ పనిలో ఉన్నవాళ్లకు 14 అంగుళాల్లో 1920×1200 సరైన కొలత.

మూడున్నరేళ్లలో నాకు దక్కింది ఇదీ. అంగుళానికి 162 పిక్సెళ్లు వచ్చాయి కాబట్టి 12 పాయింట్ల అక్షరానికి 27 పిక్సెళ్లు దొరుకుతున్నాయి. 120 శాతం దగ్గర పెట్టుకుని థ మధ్యలో చుక్క చూడగలుగుతున్నాను. పాత 16:9 (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) స్క్రీన్ల కంటే ఇదే 14 అంగుళాల్లో 16:10 స్క్రీన్ ఎత్తు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ. వినడానికి చిన్నదే, పేజీలు కట్టేవాళ్లకు రెండు మూడు లైన్లు అదనంగా కనబడటమంటే చిన్న విషయం కాదు. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే హైదరాబాద్ వెళ్తూ కిటికీ పక్కన కూర్చుని ప్రూఫులు చూస్తాను. మ్యాట్ పూత, 400 నిట్స్ రెండూ కలిసి పనిచేస్తున్నది అక్కడే. నిగనిగలాడే స్క్రీన్ అయితే అక్షరాల కంటే నా ముఖమే ఎక్కువ కనిపించేది.

బాడీ విషయంలో నేను షాపులో చూసినవి ఇవి. మూత ఒక్క వేలితో తెరుచుకోవాలి, తెరిచేటప్పుడు కిందిభాగం లేవకూడదు. ఒక మూల పట్టుకుని పైకెత్తితే మెలిక తిరగకూడదు. కీబోర్డు నడిమధ్య నొక్కితే గుంట పడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, హింజ్‌ను దేనికి బిగించారన్నది. నాదాంట్లో అది కీబోర్డు కింద ఉన్న లోహపు ఫ్రేమ్‌కు బిగించి ఉంది. మూత అల్యూమినియం, అడుగు గ్లాస్ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్. మెటల్ బాడీ అని చెప్పగానే మోసపోవద్దు. పలచటి అల్యూమినియం రేకు కంటే మంచి గట్టి ప్లాస్టిక్ మేలు. "మిలిటరీ గ్రేడ్" స్టిక్కర్ కూడా అంతే. మిల్-ఎస్‌టీడీ-810 అనేది పరీక్షలు ఎలా చేయాలో చెప్పే పత్రం. అందులో ఏ పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, అమెరికా సైన్యం వచ్చి ముద్ర వేయదు.

ఈ మూడున్నరేళ్లలో మూత కొన్ని వేలసార్లు తెరిచి ఉంటాను. ఇప్పటికీ ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. 180 డిగ్రీలు వాలుతుంది. రచయితలు ఎదురుగా కూర్చున్నప్పుడు బల్ల మీద పరిచేసి, పేజీని వాళ్లవైపు తిప్పి చూపిస్తాను. కొనేటప్పుడు నేను ఇది అడగను కూడా అడగలేదు, ఇప్పుడు లేకపోతే నాకు పని జరగదు.

నచ్చనివీ ఉన్నాయి. మ్యాట్ పూత వల్ల తెల్ల పేజీ మీద సన్నటి ఇసుక చల్లినట్టు కొంచెం రవ్వరవ్వగా ఉంటుంది. మొదటి వారం ఇబ్బంది పెట్టింది, తర్వాత అలవాటైంది. చీకట్లో నల్ల పేజీ పెడితే కుడివైపు కింది మూల లైటు కారుతున్నట్టు తెలుస్తుంది. షాపు వెలుతురులో అది కనబడలేదు, చేతులు అడ్డుపెట్టి చూసుకోవాల్సింది. బ్యాగులో పుస్తకాలతో కలిపి కుక్కితే మూత నొక్కుకుని, కీల జిడ్డు స్క్రీన్ మీద గళ్లు గళ్లుగా అంటుతుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, పిండి తుడుస్తున్నాను, ఇంతవరకు గీత పడలేదు. అడుగున ఒక రబ్బరు బిళ్ల రెండో వేసవిలో ఊడింది. బ్యాటరీ కొత్తలో ఉన్నదాంట్లో 78 శాతానికి వచ్చింది. అడుగు మూత మామూలు స్క్రూలతో వస్తుంది కాబట్టి మార్చడం కష్టం కాదు.

ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే స్క్రీన్) గురించి చాలామంది అడుగుతారు. సినిమాలకు, ఫొటోలకు ఆ నలుపు చూడముచ్చటగా ఉంటుంది. నాలా రోజంతా ఒకే చోట ఒకే టూల్‌బార్, ఒకే తెల్ల పేజీ పెట్టుకునేవాళ్లకు అవి స్క్రీన్ మీద చెరగకుండా అచ్చు పడిపోయే భయం ఉంటుంది. చాలావాటిలో వెలుగు తగ్గిస్తే ఆ ఆరి వెలిగే గొడవ కూడా ఉంది. నేను మళ్లీ కొన్నా ఐపీఎస్సే కొంటాను.

మొన్న మా చెల్లెలి కొడుక్కి 40 వేలలో కావాలన్నారు. ఆ ధరలో కొత్తవి చూస్తే నా 2016 నాటి మూతలాంటి మూతలే ఎదురయ్యాయి. రిఫర్బిష్డ్‌లో (వాడినవి బాగుచేసి అమ్మేవాటిలో) ఆఫీసుల నుంచి వచ్చిన బిజినెస్ ల్యాప్‌టాప్‌ల వైపు తీసుకెళ్లాను. నాలుగు పక్కన పెట్టాం, రెండింటి ప్యానెల్ పాతది, ఒకదాని మూల వంగి ఉంది. నాలుగోది 1920×1080 ఐపీఎస్. మావాడే నా పెన్‌డ్రైవ్ పెట్టి, "పెద్దమ్మా, థలో చుక్క ఉంది" అన్నాడు. మూత ఒక్క వేలితో తెరిచాడు, కిందిభాగం లేవలేదు. 34 వేలకు ఇచ్చారు, మిగిలిన డబ్బుల్లో ఎస్‌ఎస్‌డీ పెద్దది వేయించాం.